కార్డురాయ్‌తో బొంత కుట్టడం: గుడ్డ ఉతకడం నుంచి అంచు మడిచేదాకా

మామూలు కాటన్ ముక్కలతో బొంతలు చక్కగా కుట్టేవాళ్లు కూడా కార్డురాయ్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతున్నారు. నన్ను అడిగేవాళ్లు చెప్పే ఇబ్బందులన్నీ ఒకేలా ఉంటాయి. కుట్టేటప్పుడు పై ముక్క జారిపోతోంది, ఒకే గుడ్డలోంచి తీసిన ముక్కలు రెండు రంగుల్లో కనిపిస్తున్నాయి, మెషీన్ నిండా నూగు పేరుకుపోతోంది, బొంత మోయలేనంత బరువైపోతోంది.

వీటిలో చాలావరకు మెషీన్ ముందు కూర్చోకముందే సరిచేసుకోవచ్చు. అందుకే ఇందులో కుట్టడం కంటే ముందు చేసుకోవాల్సిన పనుల గురించే ఎక్కువ రాశాను. లెక్కలన్నీ సింగిల్ మంచానికి సరిపోయే 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు బొంతకు వేసినవి.

1. గుడ్డ ఎంచుకోవడం

కార్డురాయ్ మీద నిలువుగా ఉబ్బెత్తు చారలు ఉంటాయి. ఆ చారల మీది మెత్తటి పొట్టి పోగులనే నూగు అంటున్నాను. స్కేలు అడ్డంగా పెట్టి ఒక అంగుళంలో ఎన్ని చారలు ఉన్నాయో లెక్కపెట్టండి. ఆ అంకెనే వేల్ అంటారు. అంకె పెరిగేకొద్దీ చార సన్నబడుతుంది, గుడ్డ కూడా పలచబడుతుంది.

బొంతకు 14 నుంచి 21 వేల్ మధ్య గుడ్డ హాయిగా ఉంటుంది. 11 వేల్ గుడ్డతోనూ కుట్టవచ్చు, కానీ అతుకులు కాస్త లావు వస్తాయి. 8 కంటే తక్కువ ఉన్న వెడల్పు చారల గుడ్డ చూడ్డానికి ఎంత బాగున్నా మొదటి బొంతకు వద్దు. నాలుగు ముక్కలు కలిసే మూల దగ్గర మామూలు ఇంటి మెషీన్ సూది దిగదు.

విజయవాడ వస్త్రలతలో గానీ, గుంటూరు పట్నం బజారులో గానీ అడిగేటప్పుడు "కార్డురాయ్ ప్యాంటు గుడ్డ" అని అడగండి. కొట్లో నిలబడే మూడు విషయాలు చూసుకోండి.

- అడ్డంగా లాగి వదలండి. రబ్బరులా సాగి వెనక్కి వస్తే అందులో లైక్రా ఉన్నట్టు. అది బొంతకు పనికిరాదు, ముక్కల కొలతలు నిలవవు.
- అంచు నుంచి రెండు పోగులు అడిగి తెచ్చుకుని ఇంట్లో కాల్చి చూడండి. కాటన్ కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అవుతుంది. కొంచెం కలిసినా పర్వాలేదు గానీ పూర్తి పాలిస్టర్ మన వాతావరణంలో కప్పుకోలేం.
- కావలసిన గుడ్డంతా ఒకే థాను నుంచి కోయించుకోండి. అదే రంగు అని వారం తర్వాత ఇంకో మీటరు తెచ్చుకుంటే ఛాయ కలవకపోవచ్చు.

పాత ప్యాంట్లతో కుట్టాలనుకుంటే ఇంకా మంచిది. బాగా ఉతికి ఉతికి ఉంటాయి కాబట్టి ఇక పెద్దగా ముడుచుకోవు. మోకాలు, కూర్చునే చోటు అరిగిపోయి ఉంటాయి, ఆ భాగం వదిలేయండి. ప్యాంట్ల ముక్కలతో పెద్ద బొంత జోలికి పోవద్దు. 8 అంగుళాల చదరాలు కోస్తే పెద్దవాళ్ల ప్యాంటు ఒకదానికి ఎనిమిది వస్తాయని నేను లెక్కవేసుకుంటాను. 6 ప్యాంట్లుంటే 48 ముక్కలు. కుట్టాక ఒక్కోటి 7 అంగుళాలు ఉంటుంది కాబట్టి అడ్డంగా 6, నిలువుగా 8 పేరిస్తే 42 అంగుళాల వెడల్పు, 56 అంగుళాల పొడవుతో పిల్లల బొంత తయారవుతుంది.

2. ఎంత గుడ్డ కావాలి

కుట్టాక 10 అంగుళాలు ఉండే చదరాలు అడ్డంగా 6, నిలువుగా 9 పేరిస్తే మొత్తం 54 ముక్కలు. కుట్టు మార్జిన్ నాలుగు వైపులా అర అంగుళం వదలాలి కాబట్టి ఒక్కో ముక్క 11 అంగుళాలు కోయాలి. మామూలు కాటన్‌కు వదిలే పావు అంగుళం మార్జిన్ కార్డురాయ్‌కి చాలదు. అంచులు పోగులు ఊడి కుట్టు దాకా వచ్చేస్తాయి.

- 58 అంగుళాల పన్నా గుడ్డ అయితే: మూడున్నర మీటర్లు
- 44 అంగుళాల పన్నా గుడ్డ అయితే: ఐదున్నర మీటర్లు
- వెనక వైపు గుడ్డ: 66 అంగుళాల వెడల్పు, 96 అంగుళాల పొడవు
- అంచుకు పాప్లిన్: ముప్పావు మీటరు

వెనక వైపుకు ఒక పాత కాటన్ చీర సరిపోతుంది. ఐదున్నర మీటర్ల చీరను సగానికి కోసి, రెండు సగాలను పక్కపక్కన కలిపి కుడితే 108 అంగుళాల పొడవు వస్తుంది, వెడల్పు కూడా కావలసినదానికంటే ఎక్కువే ఉంటుంది. కొత్త గుడ్డే వేయాలనుకుంటే మంగళగిరి కాటన్ నాకు ఇష్టం. ఒంటికి మెత్తగా ఉంటుంది, కార్డురాయ్ బరువును తట్టుకునే గట్టిదనం కూడా దానికి ఉంది.

మధ్యలో దూది పరుపు వేయాలా అని చాలామంది అడుగుతారు. మన ఊళ్లకు అక్కర్లేదు. డిసెంబరు, జనవరి తెల్లవారుజాముకైనా, ఏసీ గదిలోకైనా కార్డురాయ్, దాని వెనక కాటన్ గుడ్డ చాలు. కొంచెం నిండుగా కావాలంటే మధ్యలో ఇంకో పాత మెత్తటి దుప్పటి పరవండి. దూది గానీ పాలిస్టర్ పరుపు గానీ వేస్తే ఉతికినప్పుడు ఆ తడి బరువు ఇద్దరు పట్టినా లేవదు.

3. కోయకముందే ఉతకాలి, రెండుసార్లు

ఈ పని మానేస్తే మిగతా పనంతా వృథా. కాటన్ కార్డురాయ్ ముడుచుకుంటుంది, అదీ నిలువునా ఒకలా, అడ్డంగా ఒకలా. కుట్టేశాక ముడుచుకుంటే బొంత ఎగుడుదిగుడుగా తయారవుతుంది.

ముందు, కోసిన రెండు చివరలకు జిగ్‌జాగ్ గానీ ఓవర్‌లాక్ గానీ వేయించండి. లేకపోతే ఉతికేసరికి పోగులు చిక్కుపడి పేలికలవుతాయి. తర్వాత గుడ్డను తిరగేసి, అంటే నూగు లోపలికి వచ్చేలా మడిచి, గోరువెచ్చని నీళ్లలో ఉతకండి. ఆరనివ్వండి. మళ్లీ ఉతకండి. వేరే బట్టలతో కలపవద్దు, ఆ నూగంతా వాటికి పడుతుంది.

ముదురు ఎరుపు, నేవీ బ్లూ, నలుపు రంగులైతే రెండో ఉతుకులో ఒక తెల్ల గుడ్డ ముక్క వేసి చూడండి. దానికి రంగు అంటితే ఇంకోసారి ఉతకాలి. ఉప్పు వేస్తే రంగు ఆగుతుందని చెప్తుంటారు. కొట్లో కొన్న అద్దకం గుడ్డకు ఉప్పుతో రంగు ఆగదు. నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకడం ఒక్కటే దారి.

పిండవద్దు. మెలితిప్పి పిండితే నూగు మీద మడతలు పడి, ఇస్త్రీకి కూడా పోవు. నీళ్లు కారనిచ్చి డాబా మీద నీడలో ఆరవేయండి. ఆరాక నాలుగు విదుపులు విదిలిస్తే వదులుగా ఉన్న నూగు అక్కడే రాలిపోతుంది.

వెనక గుడ్డ, అంచు పాప్లిన్, మధ్యలో వేసే దుప్పటి కొత్తవైతే వాటినీ ఒకసారి ఉతకాలి.

4. నూగు వాలు గుర్తుపెట్టడం

అరచేత్తో చార వెంట నిమరండి. ఒక వైపు నిమిరితే పిల్లి వీపులా నున్నగా ఉంటుంది. అటు నుంచి ఇటు నిమిరితే చేతికి గరుగ్గా తగులుతుంది. నున్నగా వెళ్లిన దిక్కే నూగు వాలు.

కంటికి కూడా తేడా తెలుస్తుంది. నూగు కిందికి వాలేలా పట్టుకుంటే గుడ్డ కాస్త లేతగా, మెరుస్తూ కనిపిస్తుంది. అదే గుడ్డను తలకిందులు చేస్తే ఒక మెట్టు ముదురుగా కనిపిస్తుంది. గుడ్డ ఒకటే, రంగూ ఒకటే, వెలుగు పడే తీరు మారుతుందంతే.

మా అన్నయ్య కొడుక్కి నేను కుట్టిన మొదటి కార్డురాయ్ బొంత ముదురు ఆకుపచ్చది. రాత్రిళ్లు ట్యూబులైటు కింద కూర్చుని కుట్టాను. అంచు కూడా మడిచేశాక పొద్దున డాబా మీద పరిచి చూస్తే నడుమన రెండు ముక్కలు నూనె మరకల్లా నల్లగా ఉన్నాయి. ఆ రెండూ తలకిందులుగా పడ్డాయి. చాలా బాధేసింది. వాడు దాన్నే ఇష్టంగా కప్పుకుంటాడు గానీ నా కళ్లు ఎప్పుడూ ఆ రెండు ముక్కల మీదికే పోతాయి.

అప్పటి నుంచి నేను చేసేది ఇది. గుడ్డను తిరగేసి పరిచి, కోయకముందే వెనక వైపు జానెడు దూరానికి ఒకటి చొప్పున చాక్‌తో బాణం గుర్తులు వేస్తాను. బాణం మొన నూగు వాలు వైపు. ముక్క ఎంత చిన్నదైనా దాని వెనక ఒక బాణమైనా ఉండి తీరాలి.

బొంతలో బాణాలన్నీ పాదాల వైపు చూడాలి. కప్పుకున్నవాళ్లు చేత్తో సవరించుకుంటే నూగు నున్నగా సాగుతుంది.

కావాలని ఛాయలు మార్చడం వేరే సంగతి. ఒకే రంగు గుడ్డతో ఒక ముక్క నిలువు చారలతో, పక్కది అడ్డం చారలతో పేరిస్తే చాప అల్లికలా వస్తుంది. చాలా అందంగా ఉంటుంది. కానీ అడ్డం పెట్టిన ముక్కల బాణాలన్నీ కూడా ఒకే పక్కకు, అన్నీ కుడికో అన్నీ ఎడమకో ఉండాలి.

5. కోయడం

- ఒక్క పొరే కోయండి. రెండు మడతలు వేసి కోస్తే నూగుకు నూగు పట్టుకుని లోపలి పొర పక్కకు జరుగుతుంది.
- గట్టి అట్ట ముక్కను 11 అంగుళాల చదరంగా కోసి పెట్టుకోండి. ప్రతి ముక్కకూ టేపుతో కొలిస్తే ఎక్కడో ఒకచోట తేడా వస్తుంది.
- నిలువు కోత చార మీద కాకుండా రెండు చారల మధ్య గాడిలో వెళ్లాలి. చార మీద కోస్తే నూగు పొట్టులా రాలుతుంది. గాడి కోసం కోత ఒకటి రెండు మిల్లీమీటర్లు అటు ఇటు అయినా మార్జిన్‌లో సర్దుకుంటుంది.
- అడ్డం కోతకు గాడి సాయం ఉండదు. మూలమట్టం పెట్టి గీత గీయండి.

త్రిభుజాలు, నక్షత్రాలు, 5 అంగుళాల కంటే చిన్న ముక్కలు వద్దు. ఐమూలగా కోసిన అంచు సాగిపోతుంది, పదునైన మొనలు నూగులో మునిగి కనిపించవు. చదరాలు, పొడుగు పట్టీలు, ఇటుకల వరస ఈ గుడ్డకు నప్పుతాయి. మొదటిసారి కుట్టేవాళ్లకు నా సలహా ఇటుకల వరసే. ఒక వరసలోని అతుకు మీదికి పై వరసలోని అతుకు రాదు కాబట్టి నాలుగు మూలలు కలిసే లావు ఎక్కడా రాదు, అతుకులు కలవలేదన్న టెన్షన్ కూడా ఉండదు.

పని చేసేటప్పుడు ముక్కుకు మాస్కు పెట్టుకోండి. నూగు కంటికి కనిపించినదానికంటే ఎక్కువే గాల్లోకి లేస్తుంది. ఫ్యాన్ ఆపేయండి.

6. మెషీన్ సిద్ధం చేయడం

- సూది: 16 నంబరు. సన్న చారల గుడ్డకు 14 నంబరు కూడా చాలు. కొత్త సూదితోనే మొదలుపెట్టండి.
- దారం: మంచి పాలిస్టర్ దారం, పైనా బాబిన్‌లోనూ ఒకటే.
- కుట్టు పొడవు: 3 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి ఎనిమిది తొమ్మిది కుట్లు. అంతకంటే చిన్న కుట్టు నూగులో కూరుకుపోయి, తప్పు పడితే విప్పడం నరకం.
- పాదం (గుడ్డను పైనుంచి నొక్కి పట్టే భాగం) ఒత్తిడి: తొక్కే మెషీన్లలో పాదం కడ్డీకి పైన మర ఉంటుంది. దాన్ని కొంచెం వదులు చేయండి. పొరలు రెండింటినీ సమానంగా లాగే వాకింగ్ ఫుట్ మీ మెషీన్‌కి సరిపోయేది దొరికితే తప్పకుండా కొనండి.

ఇప్పుడు 10 అంగుళాల పొడవున్న రెండు వృథా పీలికలు నూగుకు నూగు ఆనించి కుట్టి చూడండి. చివరికి వచ్చేసరికి పై పీలిక బయటికి పొడుచుకు వస్తే ఒత్తిడి ఇంకా తగ్గించాలి. ఈ పరీక్షకు అయ్యేది ఐదు నిమిషాలు.

7. ముక్కలు కలపడం

ముందు 54 ముక్కలూ నేల మీద పరిచి, పగటి వెలుగులో, గుమ్మం దగ్గర నిలబడి చూడండి. ఫోనులో ఒక ఫొటో తీయండి. తలకిందులైన ముక్క ఉంటే ఫొటోలో ముందు అదే కనిపిస్తుంది. తర్వాత వరసకు ఒక నంబరు చొప్పున కాగితం చీటీలు గుచ్చండి.

నూగుకు నూగు ఆనుకుంటే రెండు బ్రష్‌లు ఎదురెదురుగా పెట్టినట్టే. పాదం పై పొరను ముందుకు తోస్తుంది, కింది పళ్లు కింది పొరను వెనక్కి లాగుతాయి. ఆ జారుడు ఆపాలంటే గుండుసూదులే దిక్కు. మొదట రెండు చివరలు, తర్వాత నడుమ, ఆ తర్వాత అంగుళంన్నరకు ఒకటి. అంచుకు అడ్డంగా గుచ్చండి. ప్రతి సూదినీ పాదం దగ్గరికి రాగానే తీసేయండి, దాని మీద నుంచి కుట్టవద్దు.

వరసలు ఒకదానికొకటి కలిపే పొడుగు అతుకులకు గుండుసూదులు కూడా చాలవు. అక్కడ ముందుగా చేత్తో పొడుగు టాకాలు వేసి, మెషీన్ కుట్టు పడ్డాక లాగేయండి. అరగంట ఎక్కువ పడుతుంది. నేను ఎప్పుడూ అలాగే చేస్తాను.

చార వెంట వెళ్లే కుట్టు ఎప్పుడూ నూగు వాలు వైపే సాగాలి. ఎదురు కుడితే జారుడు పెరుగుతుంది.

రెండు మూడు వరసలకు ఒకసారి ఆగి, సూది పలక తీసి, పళ్ల మధ్య, బాబిన్ కేసు కింద బ్రష్‌తో శుభ్రం చేయండి. నూగు అక్కడ నూనెతో కలిసి ఫెల్ట్ ముక్కలా గట్టిపడుతుంది. నోటితో ఊదితే ఇంకా లోపలికి పోతుంది.

8. ఇస్త్రీ

కార్డురాయ్‌ను నూగు వైపు నుంచి నేరుగా ఇస్త్రీ చేయవద్దు. చారలు నలిగి అద్దంలా మెరిసే మచ్చలు పడతాయి.

బల్ల మీద మందపాటి టర్కీ టవల్ పరిచి, ముక్కను నూగు కిందికి వచ్చేలా బోర్లించండి. అతుకును వేలితో రెండు వైపులకు విప్పి, ఆవిరి ఇచ్చి, ఇస్త్రీపెట్టె మొనతో తాకించి తీయండి. రుద్దవద్దు. మామూలు బొంతల్లో అతుకు రెండు పొరలనూ ఒక పక్కకు మడుస్తాం కదా, ఇక్కడ అలా కుదరదు. రెండు వైపులకు విప్పితేనే లావు తగ్గుతుంది.

నాలుగు అతుకులు కలిసే చోట లోపలి మార్జిన్ మూలలను ఐమూలగా కొంచెం కత్తిరించండి. కుట్టుకు పావు అంగుళం దగ్గరగా పోవద్దు.

9. పొరలు కలపడం

వెనక గుడ్డ బోర్లా, మధ్య దుప్పటి వేస్తుంటే దాని మీద అది, పైన కార్డురాయ్ నూగు పైకి. నాపరాయి గచ్చు మీద వెనక గుడ్డను బిగుతుగా లాగి నాలుగు అంచులకూ టేపు అంటించుకుంటే ముడతలు రావు. నడుమ నుంచి అంచులకు జానెడుకు ఒకటి చొప్పున పిన్నీసులు పెట్టండి.

దగ్గర దగ్గరగా మెషీన్ కుట్లు వేస్తే కార్డురాయ్ అట్టలా బిగుసుకుపోతుంది. ముడులు వేయడమే దీనికి మంచి పద్ధతి. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారం గానీ క్రోషా దారం గానీ పెద్ద కన్ను సూదికి ఎక్కించి, వెనక నుంచి పైకి గుచ్చి, పావు అంగుళం పక్కన మళ్లీ వెనక్కి దింపండి. కుడి కొసను ఎడమ మీదుగా ఒకసారి, ఎడమ కొసను కుడి మీదుగా ఇంకోసారి ముడి వేయండి. రెండుసార్లూ ఒకే వైపు వేస్తే ఆ ముడి ఉతుకులో ఊడుతుంది. కొసలు అంగుళం వదిలి కత్తిరించండి.

ముక్క నడుమ ఒకటి, మూలల్లో ఒక్కొక్కటి, అతుకుల మధ్యలో ఒక్కొక్కటి వేస్తే ప్రతి 5 అంగుళాలకూ ఒక ముడి పడుతుంది. అంత చాలు.

మెషీన్ కుట్టే కావాలంటే కుట్టు పొడవు 4 మిల్లీమీటర్లకు పెంచి, చారలకు ఐమూలగా, వెడల్పు గీతలు వేయండి. చార వెంటే కుడితే దారం గాడిలో పడి కనిపించదు, పైగా ఒక్క చార తప్పినా వంకర ఎత్తి చూపుతుంది.

10. అంచు

అంచు పట్టీకి కార్డురాయ్ వాడవద్దు. మూలల దగ్గర ఎనిమిది పొరలు కూడి మడత పడదు. పాప్లిన్‌ను 3 అంగుళాల పట్టీలుగా ఎనిమిది కోసి, కొసలు ఐమూలగా కలిపి ఒక్క పొడుగు పట్టీ చేయండి. దాన్ని పొడవునా సగానికి మడిచి, ముందు కార్డురాయ్ వైపు మెషీన్‌తో కుట్టి, వెనక్కి తిప్పి చేత్తో దాపుడు కుట్టు వేయండి. మామూలు కాటన్ బొంతకు రెండున్నర అంగుళాల పట్టీ చాలు గానీ ఈ మందానికి అది వెనక్కి అందదు.

పట్టీ వేసే ముందు బొంత చుట్టూ అంచుకు పావు అంగుళం లోపల ఒక వరస కుట్టు వేసుకోండి. అంచు పొరలు జరగవు.

11. తప్పులు, దిద్దుబాట్లు

ఒక ముక్క వేరే ఛాయలో ఉంది: పొరలు కలపకముందైతే ఆ నాలుగు అతుకులూ విప్పి తిప్పండి. విప్పేటప్పుడు వెనక వైపు నుంచి మూడు కుట్లకు ఒకటి తెంచి దారం లాగండి. నూగు వైపు నుంచి విప్పితే చార తెగుతుంది.

ఇస్త్రీ మచ్చ పడింది: ఆవిరి బాగా పట్టించి, మెత్తటి పళ్ల బ్రష్‌తో నూగు వాలుకు ఎదురుగా దువ్వండి. నలిగిన నూగు లేస్తుంది. మాడి కరిగినది మాత్రం లేవదు.

కుట్లు తప్పుతున్నాయి: సూది మార్చండి, బాబిన్ కేసు శుభ్రం చేయండి. అప్పటికీ తప్పుతుంటే దారం మళ్లీ ఎక్కించండి.

లావు అతుకు మీద మెషీన్ ఆగిపోతోంది: తొక్కవద్దు, చేత్తో చక్రం తిప్పుతూ నాలుగైదు కుట్లు దాటించండి. పాదం వెనక వైపు కింద మడిచిన గుడ్డ ముక్క పెడితే పాదం సమంగా ఉంటుంది.

బొంత అంచులు అలలు తేలుతున్నాయి: పట్టీ వేసే ముందే సరిచేయాలి. బొంతను నడిమధ్యన అడ్డంగా కొలవండి, పై అంచు, కింది అంచు కొలవండి. అంచు ఎక్కువ ఉంటే పైన చెప్పిన ఆ పావు అంగుళం కుట్టును పొడుగు కుట్లతో వేసి, దారం లాగి, నడిమి కొలతకు తీసుకురండి.

12. పక్కమీదికి వెళ్లేముందు చూసుకోవాల్సినవి

- పిన్నీసులు ఎన్ని పెట్టారో అన్నీ తీశారా? పెట్టేటప్పుడు లెక్క రాసుకోండి. నూగులో దాగిన పిన్నీసు కంటికి కనిపించదు.
- ప్రతి ముడినీ ఒకసారి లాగి చూశారా?
- టాకా దారాలు మిగిలిపోయాయా?

మొదటి ఉతుకు విడిగా, చల్లటి నీళ్లలో, కార్డురాయ్ లోపలికి మడిచి వేయండి. ఆరవేసేటప్పుడు ఒక్క తాడు మీద వేలాడదీస్తే తడి బరువుకు ఆ గీత దగ్గర నూగు నలిగి చార మిగిలిపోతుంది. రెండు తాళ్ల మీద పరిచినట్టు, వెనక వైపు తాడుకు ఆనేలా వేయండి. ఎండలో కాకుండా నీడపట్టునే ఆరనివ్వండి, ముదురు రంగులు ఎండకు త్వరగా వెలిసిపోతాయి. దాచేటప్పుడు బరువు కింద మడతపెట్టకుండా, నూగు వైపు బయటికి వచ్చేలా వదులుగా చుట్టి, పాత పరుపు గలీబులో పెట్టండి.